అత్తగారు దాటిన చోటు

రెండో పోలీసు బండి వచ్చి రోడ్డుకి అడ్డం నిలబడితే తప్ప ప్రమాదం ఎలా జరిగిందో చూపించే పని మొదలుపెట్టడం కుదరదని కెప్టెన్ సౌలే చెప్పింది. చెప్పి, చేతులు కోటు జేబుల్లో దోపుకుని, కొండలకేసి చూస్తూ నిలబడింది. ఉల్జాన్‌కి తల ఎటు తిప్పాలో తెలియలేదు. ఒకవైపు తిప్పితే చెట్టు కింద ఆ కుర్రాడి తల్లి, ఇంకోవైపు తిప్పితే ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య ఆ కుర్రాడు, ఎదురుగా చూస్తే రోడ్డవతల బావగారు కైర్జాన్, ఆయన పక్కన తన మొగుడు మారాత్. అందుకని కిందికి చూసింది. ఫుట్‌పాత్ పక్క కాలవలో మంచు కరిగిన నీళ్ళు పోతున్నాయి, ఆకులు, సిగరెట్ పీకలు, ఎవరిదో చంటిపిల్లల చేతితొడుగు, అన్నీ కిందికే, అల్మాటీలో ఏదైనా కిందికే పోతుంది, దారి అడిగినవాడికి కూడా ఈ ఊళ్ళో కుడీ ఎడమా చెప్పరు, కొండలవైపైతే పైకి పో అంటారు, లేకపోతే కిందికి పో అంటారు. ఇంకాసేపట్లో తననీ అదే అడుగుతారు, పైనా, కిందా? మీ అత్తగారు రోడ్డు మీద కాలు ఎక్కడ పెట్టింది, వేలుపెట్టి చూపించండి. పైన సిగ్నల్ దగ్గర జీబ్రా గీతల మీద అని చూపిస్తే, గీతల మీద నడిచే మనిషిని గుద్ది చంపినందుకు ఆ రొట్టెల వ్యాను కుర్రాడు ఇల్యాస్ ఏళ్ళకేళ్ళు జైల్లో ఉంటాడు. ఇక్కడ, ఈ చెప్పులు కుట్టే కొట్టు ముందర, గీతా లేని దీపమూ లేని చోట అని చూపిస్తే, తప్పు చచ్చిపోయినావిడది అవుతుంది, కుర్రాడు ఇంటికి పోతాడు. ఆ రోజు ఆగిన బళ్ళవాళ్ళెవరూ సాక్ష్యానికి నిలబడలేదు, చూశానని చెప్పే మనిషి ఉల్జాన్ ఒక్కతే. కొట్టు మీద కెమెరా ఉంది కానీ అది కొట్టు తలుపునే చూస్తుందట, దొంగలొస్తారని.

ఇక్కడే దాటేది అత్తయ్య. నిన్నా మొన్నా కాదు, పల్లె వదిలి కొడుకు దగ్గరకొచ్చి ఈ అపార్ట్‌మెంట్లో దిగిన వారం నుంచీ. ఎదురు బిల్డింగులో జమాల్ బామ్మ ఉంటుంది, ఇద్దరివీ ఎదురెదురు కిటికీలు, పొద్దున్నే కర్టెన్ జరిపి ఒకరికొకరు బతికున్నామని చెయ్యూపుకునేవాళ్ళు. ఆవిడింటికి పద్ధతిగా వెళ్ళాలంటే సిగ్నల్ దాకా ఎక్కాలి, దాటాలి, మళ్ళీ అంత దూరమూ దిగాలి. అత్తయ్యవి మోకాళ్ళ నొప్పులు. ఎదురింటికి పోవడానికి కొండెక్కమంటావేమే అనేది. ఉల్జాన్ చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళిన రోజుల్లో, సిగ్నల్ దగ్గర నిలబడ్డంతసేపూ ఎకసెక్కమే, బళ్ళేవీ రావడం లేదు కదే, ఎవరికోసం నిలబడ్డాం, ఆ పచ్చదీపం నీకు రెండో అత్తగారా ఏమిటి, అది సరేనంటే గానీ కాలు కదపవు. ఆ మాట ఆవిడకే నచ్చేసి విందుల్లో, పెళ్ళిళ్ళలో అందరికీ చెప్పేది, మా కోడలికి ఇద్దరత్తలు, నేనొకత్తిని, కరెంటుది ఒకత్తి అని, అందరూ నవ్వేవాళ్ళు, టీ పోస్తూ ఉల్జాన్ కూడా నవ్వేది. తను ఒక్కర్తీ వెళ్ళేటప్పుడు మాత్రం అత్తయ్య ఇక్కడే దిగేది. కోటు బొత్తాలు సరిచూసుకుని, పెద్దావిడలు కట్టే తెల్ల తలగుడ్డ సర్దుకుని, అరచెయ్యి ముందుకు చాపేది, మందని ఆపినట్టు. ఆగేవి. అదే చిత్రం. పెద్దపెద్ద జీపులు, నల్లద్దాల కార్లు కీచుమంటూ ఆగేవి, లోపలినుంచి మొగాళ్ళు గుండెమీద చెయ్యి వేసుకుని తల వంచేవాళ్ళు, అత్తయ్య వాళ్ళని దీవిస్తూ తాపీగా దాటేది, బాగుండండి నాయనా, పిల్లాపాపలతో బాగుండండి. తెల్ల తలగుడ్డ చూసి ఆగని కజాఖువాడు ఇంకా పుట్టలేదని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకాన్ని ఒక్కరోజు తప్ప ఏ రోజూ ఎవరూ వమ్ము చెయ్యలేదు. వెధవ నమ్మకం. చచ్చిపోయినావిడ గురించి ఇలా అనుకోవచ్చునా, నలభయ్యో రోజు విందు కూడా ఇంకా కాలేదు. అనుకుంది మరి. అనుకున్నాక కళ్ళు మండాయి, చలికనుకుంటారులే అని తుడుచుకోలేదు.

బండి ఇంకా రాలేదు. కెప్టెన్ ఫోనులో ఎవరినో విసుక్కుంటోంది. చిన్నది, తనకంటే చాలా చిన్నది, ఇంకా పెళ్ళయినట్టు లేదు, పోలీసు బూట్లు, జుట్టు బిగించి కట్టింది, ఈ పిల్ల ఎవరింటికైనా కోడలిగా పోతే ఏం చేస్తుందో అనుకుంది ఉల్జాన్, ఇప్పుడెందుకొచ్చిన ఆలోచన. పోలీసులంటే ఇంకో పోలీసు కుర్రాడు గుర్తొచ్చాడు. కిందటి వసంతంలో నెలరోజులపాటు రోడ్డు అడ్డదిడ్డంగా దాటేవాళ్ళని పట్టుకోమని పైనుంచి ఆర్డరొచ్చింది, చెట్ల వెనకాల, కొట్ల వెనకాల పోలీసులు పొంచి కూచున్నారు, పిల్లలు దాగుడుమూతలాడినట్టు. ఉల్జాన్ దొరికిపోయింది. జీవితంలో ఒక్కసారి, కూర మాడిపోతోందని పరిగెత్తి దాటింది, ఒక్కసారే, దొరికిపోయింది. ఆ పోలీసు కుర్రాడు తనని నడిరోడ్డు మీద నిలబెట్టి బడిపిల్లని అడిగినట్టు అడిగాడు, చదువుకున్నారా, రంగులు తెలుసా, ఎరుపంటే ఏమిటో చెప్పండి. చెప్పింది. జరిమానా కట్టింది. మర్నాడు అదే చోట, అదే పోలీసుకి, అత్తయ్య దొరికింది. కిటికీలోంచి అంతా చూసింది ఉల్జాన్, చూస్తూ కాస్త సంతోషించింది కూడా, ఇవాళ ఈవిడకీ రంగులు చెప్పిస్తారని. ఎక్కడ. అత్తయ్య వాణ్ణి నీది ఏ ఊరు నాయనా అంది, ఏ తెగ అంది, మీ నాయనమ్మ పేరేమిటి అంది, పోలీసు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు, ఇంకాసేపటికి ఆవిడ చేతిసంచీ వాడి చేతికొచ్చింది, ఆ తరవాత చారల కర్ర ఎత్తి రెండువైపులా బళ్ళు ఆపి, ఆవిణ్ణి మోచెయ్యి పట్టుకుని, ఇదే చోట, గీతలు లేని చోట, స్వయంగా అవతలికి దాటించాడు. ఇంటికొచ్చి అత్తయ్య అన్న మాట, ఇక నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, సర్కారే చూపించింది నా దారి. ఆ కుర్రాడు మంచివాడు. వాడు మంచివాడు కాకుండా, తనతో ఉన్నట్టే ఆవిడతోనూ పొగరుగా ఉండి, నాలుగు మాటలని జరిమానా రాసి ఏడిపించి ఉంటే. ఏడ్చేదేమో, వారం రోజులు తిట్టేదేమో. ఆవిడ తిట్లు వినే రోజు ఇంకొకటి దొరికితే బాగుండునని ఉల్జాన్‌కి కడుపులోంచి అనిపించింది.

తలెత్తితే ఇల్యాస్ తననే చూస్తున్నాడు. చటుక్కున చూపు తిప్పేసుకున్నాడు. మూతి మీద ఇంకా సరిగ్గా మీసం లేదు, చెవులు చలికి ఎర్రగా కందిపోయాయి, టోపీ ఎందుకు పెట్టుకోలేదో, తల్లి ఇక్కడే ఉంది కదా, పెట్టుకోమని చెప్పొచ్చుగా. తల్లి కూడా పోలీసుల దగ్గరికి పోవడానికి భయపడుతోందేమో. హవాఖాన్ ఆవిడ పేరు, పైన బజారు దగ్గర తందూరీ రొట్టెల బట్టీ ఉంది వాళ్ళకి, ఆ రొట్టెలే వ్యానులో కొట్లకి వేసేవాడు పిల్లాడు. మట్టిచేసిన వారానికి ఆవిడ ఇంటికొచ్చింది. గేటు దగ్గరే నిలబడిపోతే పరామర్శకొచ్చిన ముసలమ్మలు జాలిపడి లోపలికి రానిచ్చారు, గిన్నెలో టీ పోశారు, ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూచుంది గానీ పెదవి ఆనించలేదు. బావగారు లేచి గదిలోంచి వెళ్ళిపోయారు. గిన్నెలు కడగడానికి ఉల్జాన్ వంటింట్లోకి వెళితే వెనకాలే వచ్చి తలుపు దగ్గర నిలబడింది, కాళ్ళు పట్టుకుంటుందని ఉల్జాన్ భయపడింది, పట్టుకోలేదు. బట్టీ సెగకి కాలిన మచ్చలున్న చేతులు ముడుచుకుని, నెమ్మదిగా, వంటలో ఉప్పు సంగతి అడుగుతున్నంత నెమ్మదిగా అంది.

“అబద్ధం చెప్పమని అడగను చెల్లీ. అలా అడిగే ముఖం నాకు లేదు. నువ్వు చూసింది చెప్పు, అంతే. నా కొడుకుదే తప్పని నువ్వు చూస్తే, అదే చెప్పు.”

తిట్టినా బాగుండును. చూసింది చెప్పు అంది, చూసినది ఎంతుందో ఆవిడకేం తెలుసు, ఎవరికీ తెలియదు, అందరూ అత్తయ్య ఎక్కడుంది అనే అడుగుతున్నారు గానీ నువ్వెక్కడున్నావు అని ఇంతవరకూ ఒక్కళ్ళూ అడగలేదు.

బావగారికి అసలు అడిగే అవసరమే లేకపోయింది, చెప్పేశారు. మొన్న రాత్రి భోజనాలయ్యాక పిలిచి ఎదురుగా కూచోబెట్టి, చూడమ్మా, మా అమ్మ గీతల మీదే నడిచింది, అన్నారు. ఆయన ముప్ఫై ఏళ్ళు బళ్ళో హెడ్మాస్టరు, ఏ మాటైనా డిక్టేషన్ చెప్పినట్టు ఆగి ఆగి చెప్తారు, వినేవాళ్ళు రాసుకోవాలన్నట్టు. నువ్వు మోసుకెళ్ళిన సంచీ ఎక్కడ దొరికింది? గీతల దగ్గర. అందులో అమ్మ వేయించిన రొట్టెలు ఎక్కడ పడ్డాయి? గీతల దగ్గర. కోడలు అత్తగారి వెనకే కదా నడుస్తుంది? కాబట్టి ఆవిడా అక్కడే ఉంది, వ్యాను ఈడ్చుకొచ్చి కింద పడేసింది. మా అమ్మ పశువులా అడ్డంగా పడి పోయి చచ్చిందని రేపు నలభయ్యో రోజున అందరూ చెవులు కొరుక్కోవాలా. అలా అంటున్నప్పుడు ఆయన డిక్టేషన్ తప్పింది, ఆయన తల్లిని పోగొట్టుకున్న మనిషి అని ఉల్జాన్‌కి అప్పుడే మొదటిసారి తోచింది, అరవై దాటినా తల్లి పోతే తల్లి పోయినట్టే. తరవాత పడగ్గదిలో మారాత్ గోడవైపు తిరిగి పడుకుని, అన్నయ్య చెప్పినట్టు చెప్పెయ్, అన్నాడు, నిద్ర మాత్రం పోలేదు. చెప్పెయ్యడం ఎంత తేలిక. పైకి వేలు చూపించడమే. అందులో తనకీ ఎంత సుఖముందో వాళ్ళకి తెలియదు. గీతల మీదైతే తను బుద్ధిగా అత్తగారి వెనకాల ఒక్క అడుగులో ఉన్నట్టు. ఇక ఎవరూ ఏమీ అడగరు. సంచీ అక్కడ పడడానికి అసలు కారణం కాలవలో చేతితొడుగులా కిందికి కొట్టుకుపోతుంది.

ఆ రోజు శుక్రవారం, జుమ్మా. అత్తయ్య పొద్దున్నే లేచి పోయిన మామయ్య పేరుమీద ఏడు రొట్టెలు నూనెలో వేయించింది, పొంగినవి పొంగినట్టు సంచీలో సర్దించి జమాల్ బామ్మకి ఇద్దాం పదమంది. నూనె వాసన ఇప్పుడు కూడా ముక్కులో ఉంది, ఆ కోటే వేసుకొచ్చింది మరి, ఇంకో కోటు లేదు. గుమ్మం దిగగానే ఉల్జాన్ సంచీ పట్టుకుని గబగబా పైకి నడిచింది, తను ముందు నడిస్తే ఆవిడ తిట్టుకుంటూ వెనకాల వస్తుందని, ఒక్కోసారి అలా వచ్చేది. గీతల దాకా వెళ్ళి వెనక్కి చూస్తే ఆవిడ రాలేదు. కొట్టు ముందు రోడ్డు దిగిపోయింది. చెయ్యి చాపింది. దగ్గరి సగంలో బళ్ళు ఆగిపోయాయి, ఎప్పటిలాగే, ఆవిడ దీవిస్తూ దాటేసి నడిమధ్యకి వచ్చింది, వచ్చి ఏటవాలుగా పైకి, ఉల్జాన్ వైపుకే నడవడం మొదలుపెట్టింది, చూశావా నీకంటే ముందే వచ్చేశాను అన్నట్టు నవ్వుతూ. ఉల్జాన్ సంచీ అక్కడే పడేసి రోడ్డు మధ్యకి పరిగెత్తింది, మధ్యగీత వెంట కిందికి, ఆవిడకేసి. అవతలి సగంలో పైనుంచి దిగే బళ్ళలో ఒక పెద్ద బస్సు ఆగింది. బస్సు అద్దాల్లోంచి, అవతలి వరసలో దిగుతున్న వ్యాను తెల్లటి పైకప్పు ఉల్జాన్‌కి కనిపించింది. అత్తయ్యకి కనిపించలేదు. వ్యానులో పిల్లాడికి అత్తయ్య కనిపించలేదు. ఇద్దరినీ చూస్తున్నది తనొక్కతే. అత్తయ్య బస్సు ముందునుంచి దాటబోతోంది, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, ఇంక రెండు అంగల్లో ఆవిడ ముందునుంచి అడ్డంగా వెళ్ళి నిలబడితే చాలు.

కాళ్ళు ఆగిపోయాయి. ఉల్జాన్ ఆపలేదు. వాటంతటవే ఆగిపోయాయి. పెద్దలు నడిచే దారికి చిన్నవాళ్ళు అడ్డం నడవకూడదు, అందులోనూ కోడలు, వాళ్ళు వెళ్ళేదాకా నిలబడి, తల కాస్త వంచి, దాటాక కదలాలి. పెళ్ళికి ముందురోజు పిన్ని కూచోబెట్టి చెప్పింది, చెప్పాక నడిపించి చూసింది కూడా. ఆ కాళ్ళకి ఎంత పేరొచ్చిందని. కొత్తకోడలిగా ఉన్నప్పుడు స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద ఎవరో ముక్కూ మొహం తెలియని ముసలాయన కర్ర తాటించుకుంటూ ఎదురుగా అడ్డం వస్తుంటే, మూటాముల్లే పట్టుకుని నిలబడిపోయింది, ఆయన దాటేలోపల రైలు వెళ్ళిపోయింది. మారాత్ తల పట్టుకున్నాడు. అత్తయ్య మాత్రం పొంగిపోయింది. రైలు వదులుకుంది గానీ పెద్దాయనకి అడ్డం వెళ్ళలేదు నా కోడలు, అని చుట్టాలందరి దగ్గరా, జమాల్ బామ్మ దగ్గర, ఆఖరికి ఆ పోలీసు కుర్రాడి దగ్గర కూడా చెప్పే ఉంటుంది. ఆ కాళ్ళే. వంటింటి గుమ్మంలో, బస్సు మెట్ల దగ్గర, మామయ్య సమాధి దగ్గర, ఎన్ని వేలసార్లు ఆగాయో. ఆ రోజు కూడా ఆగాయి, తల కూడా వంగింది, ఆ వంగిన తల ఎత్తేలోపల చప్పుడైంది. ఇంత చిన్న చప్పుడా అనుకుంది అప్పుడు. మనిషి భయపడి కొయ్యబారిపోతే అది వేరు. ఉల్జాన్ భయపడలేదు, మర్యాద చేసింది.

రెండో బండి వచ్చింది. నీలం దీపం తిప్పుకుంటూ కొట్టుకి కాస్త కింద రోడ్డుకి అడ్డం నిలబడింది, కానీ ఈ సగానికే. అవతలి సగంలో పైనుంచి దిగే బళ్ళు దిగుతూనే ఉన్నాయి, దాన్ని తరవాత ఆపుతామని ఎవరో కానిస్టేబుల్ అన్నాడు. అవతల ఫుట్‌పాత్ మీద బావగారు గుండ్రటి బొచ్చుటోపీ సరిచేసుకుని నిటారుగా నిలబడ్డారు, క్లాసులోకి ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు ఇలాగే నిలబడేవారేమో. మారాత్ సిగరెట్ పారేశాడు. హవాఖాన్ చెట్టుకి చేరబడింది. సౌలే దగ్గరికొచ్చి, చెప్పండక్కా, తొందరేమీ లేదు, అంది, తొందరలేదని చెప్పే గొంతులోనే తొందర ఉంది. పైకి చూస్తే గీతలు తడిసి తెల్లగా మెరుస్తున్నాయి, నిన్ననే రంగు వేసినట్టు. కాళ్ళు పైకి పోతాయేమోనని ఉల్జాన్‌కే అనుమానం వచ్చింది, వాటిని నమ్మే రోజులు పోయాయి. పైకి పోలేదు. చెప్పుల కొట్టు ముందుకి నడిచి, కాలవ మీద పలక దాటి, రోడ్డు అంచున ఆగి, వేలు కింద పెట్టి చూపించింది.

“ఇక్కడ దిగింది అత్తయ్య. ఎప్పుడూ ఇక్కడే దిగేది.”

చెట్టు కింద హవాఖాన్ మొహం రెండు చేతుల్లో దాచుకుంది. ఇల్యాస్ కదల్లేదు, అర్థమైందో లేదో. సౌలే సుద్దముక్కతో కాలవ అంచున గీత గీసింది, ఫొటో తీయించింది, మరి మీరెక్కడున్నారక్కా అప్పుడు, అంది. మామూలుగా అడిగింది. ఇన్నాళ్ళకి ఒకరు అడిగారు. ఉల్జాన్ నోరు తెరిచింది, ఇంతలో మారాత్ కేక వినిపించింది, అన్నయ్యా, అని. బావగారు రోడ్డు దిగేశారు. మొహం నల్లబడిపోయి, ఉల్జాన్ మీద పెట్టిన చూపు తిప్పకుండా తిన్నగా వచ్చేస్తున్నారు, గీతల మీద కాదు, దిగే బళ్ళ మధ్యలోంచి, అరచెయ్యి పక్కకి చాపి, అచ్చం వాళ్ళమ్మ చాపినట్టు. మొదటి కారు ఆగింది. ఆయన ఆ కారుకేసి చూడనైనా చూడలేదు. దాని పక్క వరసలో పైనుంచి ఒక లారీ దిగుతోంది.

ఉల్జాన్ పరిగెత్తింది. సౌలే ఏదో అరిచింది. ఖాళీ సగం దాటింది, మధ్యగీత దాటింది, ఆగిన కారు మూతి మీద చెయ్యి ఆనించి మలుపు తిరిగి, బావగారికి ఎదురుగా, అడ్డంగా వెళ్ళి, రెండు అరచేతులూ ఆయన గుండెమీద వేసి తోసింది. పాతికేళ్ళలో ఆయన్ని ముట్టుకోవడం అదే మొదలు. బక్కమనిషి, వెనక్కి తూలి, కాళ్ళు తడబడి, వచ్చిన ఫుట్‌పాత్ అంచున కూలబడ్డారు, టోపీ పడిపోయింది. ఉల్జాన్ వీపు వెనకాల గాలి కొట్టింది, కోటు ఎగిరింది, లారీ హారన్ కిందిదాకా సాగుతూ పోయింది. మారాత్ పరిగెత్తుకొచ్చి ఇద్దరికీ మధ్య ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయాడు. బావగారు నెరిసిన తలతో, నోరు కొద్దిగా తెరిచి, తన ముందు నిలబడ్డ మరదలికేసి చూస్తున్నారు. కోపం ఇంకా పూర్తిగా పోలేదు. ఇప్పుడు పక్కకి తప్పుకోవాలి, తల దించుకోవాలి, ఉల్జాన్‌కి తెలుసు. తప్పుకోలేదు. ఊపిరి అందుతున్నంత మేరకి, ఆయనకి వినబడేలా, వెనకాల వచ్చి నిలబడ్డ సౌలేకి వినబడేలా అంది.

“ఆ రోజు నేనిలా అడ్డం రాలేదు బావగారూ. బండి రావడం చూశాను. చూసి కూడా ఆగి నిలబడ్డాను. అత్తయ్యకి దారిచ్చాను.”